చేవ

నవంబరు. వేల్స్ కొండల్లో వాన
కురవదు, ఊరికే నిలబడి ఉంటుంది.
ఇద్వాల్ కొయ్యసుత్తి పట్టుకుని
ఓక్ మాను చుట్టూ తిరుగుతున్నాడు,
తలుపెక్కడో మరిచిపోయినవాడిలా
చోటుచోటా తడుతూ.

టక్. టక్.
ఉత్తరం వైపు, డొబ్.
మళ్లీ కొట్టి, చెవి ఆనించి,
తడిసిన టోపీ వెనక్కి తోసుకున్నాడు.
"బోలు. మనిషి ముడుచుకుని పడుకోవచ్చు."

కౌన్సిల్ కాగితంలో దీనికి పేరు లేదు.
నంబరు: 0417.
ఎదురుగా ఒకటే ముక్క: నరికివేయాలి.
ఆగస్టులో, ఆకు కదలని మధ్యాహ్నం,
ఒక పెద్ద కొమ్మ తనంత తానే విరిగి
బడి బస్సు ఆగే చోట పడింది.
సెలవులు. అక్కడెవరూ లేరు.
"ఉండి ఉంటే" అన్న మాట మాత్రం
అప్పట్నుంచి ఊరంతా ఉంది.

తాడు విసిరాను. మూడోసారికి పట్టుకుంది.

ఈ పనిలో చేరిన ఏడు నాకు రంపం ఇవ్వలేదు ఇద్వాల్.
కొమ్మ మొదట్లో మెడలా ఉబ్బు ఉంటుంది,
చెట్టు తనకు తాను గీసుకున్న గీత అది.
దాన్ని దాటి కోస్తే గాయం మూయదు,
దూరంగా కోస్తే మోడు కుళ్లుతుంది.
నా మణికట్టు మీద సుద్దతో గీసి చూపించాడు:
"ఇక్కడ, మాబ్లి. వెంట్రుకవాసి ఇటుగానీ అటుగానీ కాదు."
ఆ రాత్రి చెయ్యి కడుక్కోలేదు నేను.

పైనుంచి లోయ కనిపిస్తుంది.
అవతలి గట్టున యాష్ చెట్లు
తెగులుకి ఎండి, ఎముకల రంగులో.
పోయిన వేసవి నూట పన్నెండు కొట్టాం.
నేను లెక్కపెట్టాను.
ఇద్వాల్ లెక్కపెట్టలేదు, తాగాడు.

బోలులోకి తల పెట్టాను.
నశ్యంలాంటి ఎర్రటి పొడి, గబ్బిలాల వాసన,
దీపం వేస్తే, గోడ నుంచి కిందికి
చిటికెనవేలంత వేళ్లు.
బయటివి కావు. దీనివే.
తన కుళ్లులోకి తనే వేళ్లు దించుకుని
తన్ను తానే తింటోంది
నాలుగు వందల ఏళ్ల ముసలిది.

మా వేల్స్ మాటలో చేవను రిధిన్ అంటారు,
కర్రలోదాన్నీ మనిషిలోదాన్నీ ఒకే మాటతో.
చేవ పోతే ఏమీ మిగలదనుకునేదాన్ని.
చేవ ఎప్పుడో చచ్చిన కర్రట.
బతుకంతా బెరడు కింద
అరచేయి మందం తడి.
అది చుట్టూ తెగకుండా ఉంటే చాలు.

మానై వంగదంటారు. చూడండి, వంగుతోంది:
పైకొమ్మలు తనే ఎండబెట్టుకుంటూ,
కింద, మోకాళ్ల ఎత్తున కొత్త చిగుళ్లు వేస్తూ,
నేను పుట్టకముందు నుంచీ
కిందికి పెరుగుతోంది.
మేం చేసేదల్లా దాని నిర్ణయానికి
రంపంతో సంతకం పెట్టడమే.

కౌన్సిల్ నుంచి వచ్చిన ట్రెఫోర్
బురదలో బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.
"పదిహేనేళ్లలో మూడు దఫాలు," అన్నాడు ఇద్వాల్,
"ఈసారి రెండు మీటర్లు, అంతే.
బస్సు ఆగే చోటు ముప్పై అడుగులు జరపండి.
దానికి వేళ్లు లేవు."
"పూచీ ఎవరిది?"
"మొదటి దఫా నాది. రెండోది ఆ పైన వేలాడుతున్నదానిది.
మూడోది చేసేవాళ్లు ఇంకా పుట్టారో లేదో."

ట్రెఫోర్ నవ్వలేదు. రాసుకున్నాడు.

దిగేటప్పుడు చూశాను,
మేకు కొట్టిన నంబరు రేకు.
బెరడు పెదవుల్లా ఉబ్బి
అంచు నుంచి మింగుతోంది.
సున్నా పోయింది.
నాలుగు సగం లోపలుంది.