రిమార్కుల గడి

రావులపాలెంలో కొన్న రెండొందల పేజీల పుస్తకం,
అట్ట మీద నా పేరు, ఇంటిపేరుతో సహా.
లోపల మిగిలినవి పదకొండు పేజీలు.
తక్కినవన్నీ చింపాను.
కొన్ని పొయ్యిలోకి, కొన్ని
పక్కింటి పిల్లాడి లెక్కలకి.

రాయాలనుకున్నది ఒక్కటే, ఎనభయ్యారు వరద.
అప్పటికి నాకు ఏడేళ్ళు.
కూర్చున్న ప్రతిసారీ నాసిక్ దగ్గర మొదలెట్టేదాన్ని,
ముందు నది పుట్టాలి కదా అని.
భద్రాచలం దాటేసరికి చెయ్యి లాగేది,
పాపికొండల్లో కరెంటు పోయేది,
ధవళేశ్వరం ఇంకా కనుచూపుమేరలో ఉండగానే
రీఫిల్లు అయిపోయేది.
ఒక్కసారి కూడా మా ఊళ్ళోకి వరద రాలేదు.

పోనీ పొట్టిగా రాద్దామంటే సిగ్గు.
నాలుగు వాక్యాలు రాసి
వాటి మీద అరచెయ్యి కప్పి కూర్చునేదాన్ని,
పెళ్ళిలో పది రూపాయలు చదివించి
మైకులో చెప్పొద్దని బతిమాలుకున్నట్టు.

ఈ వేసవిలో కాలువలు కట్టేశాక
సెక్షనాఫీసులో నాకు పని పడింది.
లాకు దగ్గరి పాత గేజి రిజిస్టర్లన్నీ
కంప్యూటర్లోకి ఎక్కించాలి.
తేదీ, వేళ, ఎగువ మట్టం, దిగువ మట్టం,
ఎత్తిన తలుపులు ఎన్ని.
చిట్టచివర, రెండు వేళ్ళ వెడల్పున, రిమార్కులు.
లస్కర్లందరూ ఆ గడిని ఖాళీగా వదిలేశారు.
మరిడయ్య వదల్లేదు.

“గాలివాన. తలుపు రాత్రంతా మూలిగింది. నేనూ.”

“గుర్రపుడెక్క లాగాం. వేళ్ళనిండా చేపపిల్లలు. మళ్ళీ వదిలాం.”

“చెప్పు ఒకటి కొట్టుకొచ్చింది. రెండోదాని కోసం చీకటిపడేదాకా చూశాను.”

“కాలువ కట్టారు. అడుగు తేలింది. నా ఉంగరం లేదు.”

ఒక పేజీలో అడ్డంగా ఎర్రసిరా, ఏఈ గారి చేతిరాత:
అనవసర విషయములు వ్రాయరాదు.
మర్నాటి నుంచి ముప్పై రెండు రోజులు
“ఏమీ లేదు.”
“ఏమీ లేదు.”
ముప్పైమూడో రోజు
“ఏమీ లేదు. కొంగ తప్ప.”

టైపు చెయ్యడం ఆపేశాను.
వీర్రాఘవులు పెట్టి వెళ్ళిన టీ మీద
మీగడ కట్టింది.
ఆ కొంగ మాత్రం కదల్లేదు,
ముప్పై రెండు రోజులూ అక్కడే నిలబడి
తన వంతు వచ్చేదాకా ఊరుకుందేమో.

ఆ రాత్రి నాసిక్ వెళ్ళలేదు.
స్కేలు పెట్టి పేజీ చివర
రెండు వేళ్ళ గడి గీశాను.

“ఎనభయ్యారు. అటక మీద అయిదుగురం.
అమ్మ అగ్గిపెట్టెని కొప్పులో దాచింది.”

గడి నిండింది.
చేతికి నమ్మకం కుదరలేదు,
కలం ఇంకాసేపు గాల్లోనే ఆడింది.
ఇవతల పేజీ అంతా తెల్లగా,
గట్లు మునిగిన చేలలా.
ముప్పై ఎనిమిదేళ్ళుగా పిలుస్తుంటే రాని నీళ్ళు
పిలవకుండా వచ్చి నిలిచాయి.

మరిడయ్య ఇప్పుడు రేవు పక్క ఇంట్లో
కొబ్బరాకుల ఈనెలు చీరుతున్నాడు.
అంత బాగా ఎలా రాసేవాడివి అని అడిగితే
“గడి సన్నం కదండీ” అన్నాడు,
“పైగా రీఫిల్లు నా డబ్బులతోనే.”

నా పుస్తకం చాచిన చేతిదూరంలో పట్టుకుని
పెదాలు కదుపుతూ చదివాడు.
మళ్ళీ చదివాడు.
పేజీ తిప్పి వెనకవైపు చూస్తాడేమోనని
నాకు గుండె దడ.
తిప్పలేదు.

“వెలిగిందాండీ?” అన్నాడు.
“ఏంటి?”
“అగ్గిపుల్ల.”

నోరు తెరిచాను.
చెమ్మకి రాలిన తొమ్మిది మందులూ,
పదో పుల్లా, దాని వెలుగులో కనబడిందీ,
అంతా గొంతు దాకా వచ్చింది, ఎగువ మట్టం.
తలుపు ఎత్తలేదు.

ఆయన ఈనె చీరడం ఆపి
నా వైపే చూస్తున్నాడు.