ముప్పైఎనిమిదికి రెండు గీతలు తక్కువ

జూన్ నెలలో పుంటా అరేనాస్‌లో
పొద్దున పదింటిదాకా చీకటే.
గాలి మా రేకుల కప్పు పట్టుకుని
అప్పులవాడిలా ఊపుతోంది.

మిల్లరాయ్ చంకలోంచి తీసిన థర్మామీటరును
బల్బు కింద తిప్పి తిప్పి చూశాను.
ముప్పైఎనిమిదికి రెండు గీతలు తక్కువ.
ముప్పైఎనిమిది దాటితే పంపొద్దని బడివాళ్ల కాగితం.
దాటీ దాటనప్పుడు ఏం చేయాలో
అందులో రాయలేదు.

పీతల ఫ్యాక్టరీలో ఏడింటికి గంట.
ఈ నెల ఇప్పటికే రెండు నాగాలు.
మూడోదానికి ఫోర్‌మన్ ఎవరిస్తో ఏమీ అనడు,
పేరు పక్కన చుక్క పెడతాడు, అంతే.

పోయినసారి తియ్యమందు ఒక మూత తాగించి
నుదురు చల్లబడగానే జడ వేసి పంపేశాను.
పదకొండింటికి ఫోను.
వెళ్లేసరికి ఆఫీసు బెంచీ మీద
కోటు గుండీలన్నీ పెట్టుకుని
ఎవరి బిడ్డో అన్నట్టు కూర్చుంది.
"మందు సంగతి టీచరుకి చెప్పలేదమ్మా"
అంది, నా చెవిలో.

ఇవాళ తనే యూనిఫాం తొడుక్కుంటోంది.
క్లాసులో నత్తకి ఆకు పెట్టే వంతు తనదట.
గుండీ ఒకటి తప్పి మెడ దగ్గర చొక్కా పొంగింది.
సరిచేయబోతే వేళ్లకి తగిలింది వేడి.
గీతల్లో లెక్కకొచ్చే వేడి కాదది.

ఫోను చేశాను.
చుక్క పడే ఉంటుంది.

పదింటికి వెలుగొచ్చింది.
మహాతల్లి మంచం మీద గెంతుతోంది,
రొట్టె కావాలట.
"నత్తకి ఆకలేస్తుందా?"
"రేపటిదాకా ఆగుతుందిలే, దానికేం తొందర."

నవ్వాలో తిట్టాలో తెలియక
వెన్న కాస్త మందంగానే రాశాను.