ఒక రూపాయి తక్కువ

ముందు చక్రం తీసేశాక
బండి మోకాళ్ళ మీద కూర్చున్నట్టుంది.
కింద నాలుగు ఇటుకలు, ఒక కిరసనాయిలు డబ్బా.
పెరంబూరులో మా మేడమెట్ల కింద
ఆరడుగుల చోటు, అద్దెలో చేరనిది.
పై వాటా వాళ్ళ తడిబట్టలు
నా నెత్తి మీదే ఆరతాయి.

డెబ్భై ఆరు యెజ్డీ.
ఫోర్కులు రెండూ విప్పి పాత పేపరు మీద పడుకోబెట్టాను.
అడుగు మర తీస్తే కారింది నూనె కాదు,
నెత్తళ్ళు కుళ్ళిన కుండ.
చేతికంటితే బట్టల సబ్బు అరగాల్సిందే,
మూడు రోజులు అన్నం కూడా అదే వాసన.

కిటికీ అద్దం పగలకుండా ఊడదీసి
నేల మీద పరిచి గొట్టాలు దొర్లించాను.
కుడిది చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.
ఎడమది
టక్.
టక్.
చుట్టుకో వెలుగుగీత
అద్దానికీ ఉక్కుకీ నడుమ తెరుచుకుని మూసుకునేది.
వెంట్రుక మందం.
ఆ సందులోంచి
ఎవరో ఎప్పుడో దేన్నో గుద్దిన సాయంత్రం కనబడింది.

పుదుపేటలో మూడు ఆదివారాలు తిరిగాను.
జబ్బార్ భాయ్ "ఉంది" అన్నాడు.
అక్కడ "ఉంది" అంటే "వెతుక్కో" అని.
దొరికింది ఇంకేదో బండి కాలు,
నాలుగు వేళ్ళు పొడుగు.

చివరికి కొరుక్కుపేట, లేతు ఢిల్లీబాబు.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
గొట్టాన్ని చెరకుగడలా తిప్పి చూశాడు.
"ఏంది మా, ఇది వంకర పోలా, అలవాటు పడింది.
కొంచెం కొంచెంగా చెప్పాల.
ఒక్కసారిగా నేరుగా చేద్దామంటే ఇరుగుద్ది."
డయలు ముల్లు మీద కన్ను,
ప్రెస్సు పిడి మీద మూడు వేళ్ళు.
తొమ్మిదో నొక్కుకి ముల్లు వణుకు మానింది.
"నాలుగు నూర్లు. టీ నీదే."

అసలు సంగతి చెప్పడం మరిచాను.
పైమూత విప్పిన రోజున, స్ప్రింగు నెత్తిన
నల్లగా, జిడ్డుగా బిళ్ళలు.
పెట్రోలులో కడిగితే సింహాలు తేలాయి.
రూపాయిలు, డెబ్భై తొమ్మిదివి.
కూలబడ్డ స్ప్రింగుకి ఎత్తు చాలక
ఎవరో మెకానిక్ దొంతి పేర్చాడు.
ఎడమ వైపు ఆరు.
కుడి వైపు అయిదు.

గుడ్డలు దులిపాను. డబ్బా అడుగు తడిమాను.
చెప్పు ఎత్తి చూశాను.
అయిదే.

అప్పట్లో రూపాయంటే
రెండు ఇడ్లీలు, ఒక టీ, ఇంకా చిల్లర.
ఆ ఆరోదాన్ని గుప్పిట్లో పెట్టుకుని
ఎంతసేపు నిలబడ్డాడో,
బండి గొంతులో వెయ్యాలా తన గొంతులో వెయ్యాలా అని.
తర్వాత మూత బిగించేశాడు.
ఎవరు విప్పి చూస్తారులే అనుకుని ఉంటాడు.

బిళ్ళ తేడాకి బండి పక్కకి లాగదు, నాకు తెలుసు,
అది వంకర గొట్టం పని.
అయినా ఇప్పటి రూపాయొకటి తెచ్చి
కుడి దొంతి మీద పెట్టి చూశాను.
అన్నల చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉంది.
తీసేశాను.

ఢిల్లీబాబు అల్యూమినియంలో
ఒకే ఎత్తున రెండు ముక్కలు తిప్పిచ్చాడు.
బుష్‌లు కొత్తవి. సీళ్ళు కొత్తవి,
ప్లాస్టిక్ పైపు ముక్కతో చుట్టూ తట్టి కూర్చోబెట్టాను
ఊపిరి బిగబట్టి.
నూనె దగ్గుమందు మూతతో కొలిచి పోశాను,
కాలికి పదిహేను మూతలు. మధ్యలో ఫోను మోగి
ఎనిమిదా తొమ్మిదా అని మరిచి
మళ్ళీ వంచి మొదలెట్టాను.
పదకొండు రూపాయలు గుండీల సీసాలోకి పోయాయి.

తెల్లవారుజామున నాలుగున్నర.
పాల వ్యాన్లు తప్ప ఎవరూ లేని వంతెన.
అతుకు దగ్గర ముందు చక్రం దిగింది.
బండి ఒకసారి తలవంచింది, లేచింది,
రెండోసారి వంచలేదు.
హ్యాండిలు మీంచి చేతులు ఎత్తాను,
ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా.
నేరుగా పోయింది.

ఇంటికొచ్చి టార్చి వేస్తే
ఎడమ సీలు కింద ఆవగింజంత తడి.
తుడిచాను.
రేపు మళ్ళీ చూడాలి.