అందరికీ సున్నా

డెబ్రెట్సెన్‌లో ఆ నెలంతా పొగమంచు.
సైక్లోట్రాన్ ఉన్న కింది అంతస్తుకి
పగలైనా రాత్రైనా ట్యూబులైటు చెప్పిందే వేళ.

మేం పదకొండుమందిమి, ఎటెల్కా కాక.
మా భయాలన్నీ పసుపు గీతకు అవతల ఉండేవి.
మూడు రేకుల గుర్తున్న తలుపు ముందు
ఎంత పెద్ద ప్రొఫెసరైనా గొంతు తగ్గించేవాడు,
రద్దీ బస్సులో పర్సు తడుముకున్నట్టు
ఛాతీ మీద బ్యాడ్జి తడుముకునేవాడు.

గీతకు ఇవతల మాత్రం మా ఇల్లే.
ఫైర్ డోరు మాటిమాటికీ మూసుకుపోతోందని
సీసపు ఇటుక అడ్డం పెట్టింది నేనే.
కిరణాలకు అడ్డుండాల్సిన ఇటుక
రెండేళ్లు తలుపుకి కాపలా కాసింది.
నిచ్చెన మూడో మెట్టుకి టేపు చుట్టింది గెల్లేర్ట్.
ఆర్గాన్ సిలిండర్ గొలుసు విప్పి
సైకిలుకి వాడుకుంటున్నదెవరో అందరికీ తెలుసు.
ఎవరూ అడగలేదు.

చిల్లర్ గొట్టం నవంబరు నుంచి కారుతోంది.
గొట్టం భవన విభాగానిదట.
నేల, తుడిచేవాళ్లదట.
నీళ్లు మాత్రం ఎవరివీ కావు.
రోజుకి నాలుగుసార్లు దాటేవాణ్ణి,
కాలు దానంతటదే సాగేది,
మాట్లాడుతున్న మాట కూడా తెగేది కాదు.
పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా?
మా పాము గోడవారన నల్లగా, తడిగా పడుకుంది.
మేం పదకొండుమందిమీ
మర్యాదగా దాని మీంచి నడిచాం.

జనవరిలో ఒక మంగళవారం
ఎటెల్కా పాత బ్యాడ్జిలు ఏరుకుని వెళుతోంది.
మా ఒంట్లోకి ఎంత దిగిందో
ముప్ఫై ఒక్కేళ్లుగా లెక్కగట్టే మనిషి.
చేతుల్లో చెక్క ట్రే. ట్రే కింద తన పాదాలు తనకి కనపడవు.

చప్పుడు పెద్దగా రాలేదు.
తడిగుడ్డ జారవిడిచినట్టు ఒకటి,
ఆ వెనకే బ్యాడ్జిలు చెల్లాచెదురైన గలగల.
తుంటి విరిగింది.
పడుకునే అడిగింది,
"లెక్కపెట్టండి, పదకొండూ ఉన్నాయా?"
పది దొరికాయి.
పదకొండోది ఆమె కోటు కింద.
నాది.

అంబులెన్సు కుర్రాడు ఆ గుర్తు చూసి
కారిడార్ మొదట్లోనే నిలబడిపోయాడు.
"రావయ్యా, ఇక్కడ ప్రమాదమేం లేదు," అన్నాడు గెల్లేర్ట్.
అని,
తన మాట తనకే వినపడి
నీళ్లకేసి చూశాడు.

సాయంత్రం ఫారం నింపాం.
రేడియేషన్ సంఘటనా? కాదు.
మరేదని రాయడానికి గడి లేదు.
బాధ్యులు: ఒకే గీత, ఒక్క పేరు పట్టేంత.
మా అందరిలోకీ చిన్నది, చేరి మూడు నెలలైన బోర్బాలా
ఆ గీత మీద రాసింది:
"డిసెంబరు పదిన చూశాను. చెప్పలేదు."
కలం బల్ల మీద పెట్టి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది.
కాసేపటికి ఎవరో కలం తీశారు.
సంతకాలు అంచు దాటి, కాగితం వెనక్కి పాకాయి.
ప్రొఫెసరు మూడోరోజున పెట్టాడు.
ఒకరు ఇప్పటికీ పెట్టలేదు. ఆ పేరు ఇక్కడ రాయను,
మళ్లీ పక్కవాడి మీదకి వేలు తిప్పడమే అవుతుంది.

ఫిబ్రవరిలో ఫలితాలొచ్చాయి.
అందరికీ సున్నా. ఎటెల్కాకీ సున్నా.
కాగితం ఆసుపత్రికి పట్టుకెళ్లాను.
కళ్లద్దాలు సర్దుకుని
ఒక్కో పేరు దగ్గరా వేలు ఆపి చూసింది.
"మంచిదే," అంది. "గొట్టం?"
"చిల్లర్ ఆపేశాం. కొత్తది వేసేదాకా
నాలుగు రోజులు పని మానుకున్నాం."
"నాలుగు రోజులే," అంది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో.
దుప్పటి మడత సవరించుకుని, మెల్లగా,
"మరి తలుపు దగ్గర ఇటుక?
వచ్చినప్పుడల్లా కాలితో పక్కకి నెట్టేదాన్ని.
మర్నాటికి మళ్లీ అక్కడే ఉండేది."

ట్రాము కోసం ఆగలేదు.
మంచులో నడిచి వెళ్లి, కిందికి దిగి, వంగాను.
అరచేయంత వెడల్పు, పదకొండు కిలోలు,
రెండు చేతులూ కావాలి.
గుండెలకి ఆనించుకుని పైకి లేచాను.
వెనక తలుపు
ఎవరూ చెప్పకుండానే
నెమ్మదిగా మూసుకుంది.