నాలుగు వేళ్ళ తేడా

కార్తహేనాలో జూలై ఎండ
తలుపు తట్టి రాదు.
పొద్దున ఎనిమిదికే సోఫా ఎక్కి కూర్చుని
పుస్తకాల వీపుల మీది రంగు నాకేస్తుంది.
అందుకే ఈ ఊళ్ళో ప్రతి కిటికీ నెత్తినా ఒక పెట్టె,
పెట్టెలో చుట్టుకున్న బద్దల తెర,
పక్కన గోడలోంచి వేలాడే పట్టీ.
పట్టీ తెగితే నన్ను పిలుస్తారు.

నా పేరు ఒబ్దూలియా.
పని నేర్పింది మా మేనమామ ఎలాదియో.
"వెలుతురుకి గేటు పెట్టకు, కుళాయి పెట్టు"
అనేవాడు, నోట్లో మేకులు పట్టుకునే.

లిఫ్టు లేని మూడో అంతస్తు.
ఒకటే గది, దానికి దక్షిణాన ఒకటే కిటికీ.
హినేస్ రాత్రంతా రొట్టెల బట్టీలో నిలబడి
తెల్లారాక వచ్చి పడుకుంటాడు.
ఫ్వెన్‌సాంత సరిగ్గా అప్పుడే
కుట్టుమిషను ముందు కూర్చుంటుంది.
ఈస్టరు ఊరేగింపు అంగీలు:
నల్లగుడ్డ మీద నల్లదారం.
ఆమెకి పగలు కావాలి, ఆయనకి రాత్రి.
ఆ పట్టీ వయసుకి తెగలేదు,
అటొకరు ఇటొకరు లాగి తెంపారు.

నేను తీర్పు చెప్పడానికి వెళ్ళలేదు.
కొత్త పట్టీ బిగించి, తెర దించి,
చివరి బద్దకీ కిటికీ గట్టుకీ మధ్య
జానెడు వదిలానంతే.
తరవాత చెప్పులు విడిచి, ఆయన లేవకుండా
నేనూ ఆవిడా మిషను బల్లని
అంగుళం అంగుళం జరిపాం.
జానెడు వెలుతురు నేరుగా వచ్చి
సూది పాదం కింద కూర్చుంది.
మంచం మీద మాత్రం
బద్దల చిల్లుల్లోంచి సన్నటి చుక్కలు.
ఆయన వీపు నువ్వులద్దిన రొట్టెలా ఉంది.
ఆవిడ నవ్వాపుకోలేక
అంగీ కొంగు నోట్లో కుక్కుకుంది.
మర్నాడు వెతుక్కోకుండా
పట్టీ మీద ఆ చోట ఎర్రదారంతో
ఒక కుట్టు వేసింది.

ఆరేళ్ళకి మళ్ళీ పిలుపు.
పట్టీ అంచులు పీచులు లేచాయి.
దాని మీద ఇప్పుడు ఒక్క కుట్టు కాదు.
ఎరుపు జూలైకి,
ఎండ నడినెత్తిన ఉండి గట్టు దాటని రోజులకి.
పసుపు అక్టోబరుకి.
నీలం డిసెంబరుకి,
ఎండ నడుం వంచుకుని మంచం దాకా వచ్చేటప్పటికి.
ఆకుపచ్చ దేనికో ఆవిడ చెప్పలేదు.
అది తెర పూర్తిగా దిగే చోట ఉంది.
హినేస్ సెలవు రోజుకేమో, నేను అడగలేదు.

"కొత్తదాని మీదా ఇవే గుర్తులు పెట్టు."
రెండు పట్టీలూ నేలమీద పక్కపక్కన పరిచాను.
అప్పుడూ ఇప్పుడూ నేను కోసింది ఒకే కొలత.
పాతది నాలుగు వేళ్ళు పొడుగు.
లాగగా లాగగా సాగింది.
అంటే ఎరుపు ఎరుపు చోట లేదు.
నీలం ఎప్పుడో మాట తప్పింది.

"అదేంటి, రోజూ సరిపోయేదే!" అంది ఫ్వెన్‌సాంత.

మంచంలోంచి గొంతు:
"కుట్టు దగ్గర ఆపుతావు.
తరవాత ఇంకాస్త లాగుతావు,
నేను నిద్రపోయాననుకుని."

"వింటున్నావా? ఎన్నాళ్ళ నించి?"

"మొదటి ఏడాది నించీ.
గోడవైపు తిరిగితే సరిపోయేది."

ఆవిడ ఏమీ అనలేదు.
మిషను చక్రం మీద చెయ్యి పెట్టి
తిప్పకుండా ఉండిపోయింది.

కొత్త పట్టీ బోడిగానే బిగించాను.
పద్దెనిమిది యూరోలు, కాఫీ.
పాత పట్టీ అడిగి తెచ్చుకున్నాను,
ఎందుకో నాకూ తెలీదు.

మా ఇంట్లో నా కిటికీ తెర
తొమ్మిది నెలలుగా సగంలో ఇరుక్కుని ఉంది.
తీరిక దొరకలేదు.
సాయంత్రం ఆరింటికి దాని కిందనించి ఎండ వచ్చి
పిల్లి మీద పడుతుంది.
పిల్లే జరుగుతుంది.