ఉప్పునీటి ఆకాశం

ఆ బొమ్మలో కత్తి పట్టుకు నిలబడ్డవాణ్ణి నేనే.
కత్తి నాది కాదు.
పాత ఇనుము అమ్మే మఖ్లూఫ్ కొట్లోంచి
పూటకింతని అద్దెకు తెచ్చారు.
తుప్పు పట్టి ఒరలోంచి రాదు.
ఇంట్లో కోడిని కోయాలన్నా
నా పెళ్ళాం తామూయే కోస్తుంది.

నేను మొగదోర్ వీధుల్లో నీళ్ళమ్ముకునే బెల్‌ఖైర్‌ని.
మేకతోలు తిత్తి, నాలుగు ఇత్తడి గిన్నెలు, ఒక గంట.
అవన్నీ పక్కన పెట్టించాడు ఫ్లోరిమోన్ దొర.
"కాపలా భటుడికి గంటెందుకు?" అని
దుబాసీ చేత చెప్పించాడు.
ఎక్కడి కాపలా? నా వెనక తలుపు
లాడాలు కొట్టేవాడి గాడిదల కొట్టానిది.
బొమ్మలో అది సుల్తాను జనానా.

దొరకి రాని విద్య లేదు.
ఫిడేలు తీస్తే రేవులో కూలీలు మూటలు దించేవాళ్ళు.
ఖాయిదు ఇంట్లో ఆగిపోయిన గడియారాన్ని
భోజనం వడ్డించేలోగా నడిపించాడు.
వాళ్ళ ఊళ్ళో నాటకాలాడేవాడట, ఆడవేషం కూడా కట్టాడట.
పుచ్చిన నా దవడపన్ను ఆయనే పీకాడు,
నొప్పి తెలియకుండా ఏదో పాట పాడుతూ.
నొప్పి తెలిసింది. పాట బాగుంది.

మూడో రోజు, రంగుల్లోకి నీళ్ళు కావాలన్నాడు.
మంచినీళ్ళే, ఊటవే.
ఊట ఊరవతల, ఇసుకదిబ్బలు దాటి.
పన్ను పోయిన చోట సలుపు, ఎదురుగాలి,
బద్ధకం, ఏదన్నా అనండి,
చేపల సంత వెనక చవుటి బావిలో ముంచి
"ఊటవే" అని ఒట్టేశాను.

ఆ నీళ్ళలో నీలం కలిపి
నా తల మీద ఆకాశమంతా ఒక్క ఊపున పరిచాడు.
ఆరుతుంటే
తెల్లని పొక్కులు లేచాయి,
చెమటారిన చొక్కా మీద లేస్తాయే, అలా.
నాకు గుండె జారింది. కత్తి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

దొర నాలుగడుగులు వెనక్కి వేసి
ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.
"ఎడారి గాలి తనే దిగొచ్చి వేసింది!" అన్నాడు.
దుబాసీ ఆ మాటని నీళ్ళు నమిలినట్టు చెప్పాడు,
వాడి ఇల్లూ ఆ బావి పక్కనే.

మర్నాడు నిజంగానే ఊటకి నడిచాను.
తిత్తి దించగానే దొర
ఒక చుక్క నాలుక మీద వేసుకుని,
దుబాసీ వైపు చూడకుండా, మా భాషలో,
"నిన్నటివి తే" అన్నాడు.

బొమ్మ ఓడెక్కి పోయింది.
వాళ్ళ దేశంలో ముసురెక్కువని విన్నాను.
ముసురు పడితే మా ఇంట్లో ఉప్పుకుండ చెమ్మగిల్లుతుంది.
అక్కడ, ఏ గోడ మీదో, ఆ ఆకాశం?
ఎవరన్నా దాన్ని గుడ్డతో ఒత్తుతారా?