మెల్లగా కాదు, ఇంకోసారి

మాలేగ్ రేవులో, చేపల ఐసు గోదాం కప్పు మీద
మా డిష్షు ఒకటి నిలబడి ఉంటుంది
ఎదుటి ఒడ్డున పదకొండిళ్ళ ఊరికేసి చూస్తూ.
మధ్యలో సముద్రం.
మూడు వారాలుగా ఒకటే ఫిర్యాదు:
సాయంత్రమైతే అంతా నత్తనడక.

పాత ప్రోటోకాల్‌కి తెలిసింది ఒక్కటే.
జవాబు రాలేదా, దారిలో రద్దీ అనుకుంటుంది.
తప్పు తనదేనన్నట్టు వేగాన్ని సగానికి కోసుకుంటుంది.
మళ్ళీ రాలేదా, ఆ సగంలో సగం.
మర్యాద తెలిసినది, పాపం. తీగల కాలంలో పుట్టింది,
పదిమంది నడిచే బాటలో ఒదిగి నడవడం నేర్చింది.

ఇక్కడ బాట ఖాళీ.
లాగులన్నీ తిరగేశాను, క్యూలో ఒక్క ప్యాకెట్ లేదు.
పోటు వేళకి నీళ్ళు లేచి అద్దమై
మా కిరణాన్నే మా మీదకి విసురుతున్నాయి,
ఒకటి ఇంకోదాన్ని తుడిచేస్తోంది.
చేరుతున్నాయి ప్యాకెట్లు,
చినిగి.
కూడిక సరిపోక అవతలి పెట్టె
కిమ్మనకుండా పారేస్తోంది.
మళ్ళీ పంపమని అడగొచ్చుగా?
ఎవరిని?
చిరునామా రాసిన మూలే చెరిగిపోతే?

రేవులో తాళ్ళు పట్టే టార్మడ్‌కి ఎడమ చెవిలో మిషను.
గాలి హోరులో పోటెప్పుడని అడిగాను. పలకలేదు.
ఒక్కో మాటా విడదీసి
చంటిపిల్లాడికి చెప్పినట్టు అడిగాను.
ముఖం ముడిచాడు.
"బుర్ర నిండిపోలేదమ్మాయ్, గాలి కొట్టుకుపోయింది.
మెల్లగా వద్దు. అదే మాట, అదే జోరున, ఇంకోసారి."

నాలుగింటికట.

ఆ రాత్రి డిష్షు దగ్గరే నకలు దాచమని రాశాను,
చినిగింది చినిగినట్టు ఈ ఒడ్డునే దిద్దుకోవాలి,
గ్లాస్గోకి కబురెళ్ళి అక్కడ భయపడకముందే.

అలాగని మొండికేస్తే కుదరదు.
ఆగస్టులో పడవ దిగే రెండొందల ఫోన్లు
ఒక్కసారి గొంతెత్తితే,
అప్పుడు సగమవడమే సబబు.
తేడా ఆలస్యంలో తెలుస్తుంది:
రద్దీ ముందే ఆయాసపడుతుంది,
ఒక్కో జవాబూ ఇంకాస్త బరువుగా వచ్చి, అప్పుడు ఆగుతుంది.
గాలి మాత్రం చెప్పి రాదు.

సోమవారం మీటింగులో నేనడిగినదానికి
స్పీకరులో ఎవరూ పలకలేదు.
పదేళ్ళుగా అలాంటప్పుడు గొంతు తగ్గించి
"పర్లేదు లెండి" అనేదాన్ని.
అంతకు నిమిషం ముందు దాకా
అందరూ ఠక్కున పలికినవాళ్ళే.

అదే ప్రశ్న.
అదే జోరున.